మునసబు వాకిలి ముందు క్రిస్మస్ పాట

మా ముత్తాత మునసబు. ఆయన కొడుకు, అంటే మా తాత, మునసబు. రాచర్ల దారిలో తాత గుర్రం కనబడితే గొర్రెల కాపరులు మందను పక్కకు తోలుకుని, అది దాటిపోయేదాకా నిలబడి ఉండేవారట. మా నాయన ఆ వరుసలో చివరి మునసబు. ఆయన తలపాగా చుట్టుకున్న తీరు చూసి, ఆ పూట తగవు ఎటు తేలబోతుందో ఊరు ముందే చెప్పుకునేది. కంభం చెరువు కింద మాకు మాగాణి ఉండేది, ఊరి చుట్టూ కంచె వేయనక్కరలేనంత మెట్ట ఉండేది, ఫిర్కా మొత్తంలో గ్రామఫోను పెట్టె ఉన్న ఇల్లు మాదొక్కటే. ఇదంతా చెప్పడం గొప్పకు కాదు. అటువంటి మనుషుల వారసుడిని, ఇప్పుడు గిద్దలూరులో మేడమీద అద్దె వాటాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఎదురింటివాళ్ళ పాటలు వింటున్నానని చెప్పడానికి.

డిసెంబరు మొదలవగానే ఎదురింటివాళ్ళు డాబా మీద కాగితపు నక్షత్రం కట్టి లోపల బల్బు వెలిగించారు. ఆ ఇంటి ఇల్లాలు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఒక్కో మెట్టూ మోకాలి మీద చెయ్యి పెట్టి ఎక్కుతుంది. లోపలికి వెళ్ళి చిన్న స్పీకరు కిటికీలో పెట్టి క్రిస్మస్ పాట మొదలుపెడుతుంది, ఆరిన బట్టలు మడతపెడుతూ తానూ గొంతు కలుపుతుంది, పాట సగానికి వచ్చేసరికి ఆమె ముఖం మెట్లెక్కిన ముఖం కాదు. నేను నా కుర్చీలోంచి రోజూ చూస్తున్నాను. మొన్న మా మనవరాలు తన ఫోనులో ఏదో చదివి, క్రిస్మస్ పాటలు వింటే మనసులో బరువు తగ్గుతుందట తాతా, ఒంటరితనం పోతుందట, ఎప్పటివో తీపి గుర్తులు లేచి వస్తాయట అని చెప్పింది. ఆ సంగతి మా ఇంట్లో మీ ఫోన్లు పుట్టకముందే తెలుసు అన్నాను. ఎట్లా తెలుసని అడిగింది. చెప్పలేదు. ఆ పిల్ల వయసుకు చెబితే కథలా వింటుంది. మీరు నా ఈడువాళ్ళు, మీకు చెబుతాను. ముందే ఒకమాట. ఆ పాటల మీద నాకు ఇష్టం కలగకముందే ఈర్ష్య కలిగింది. ఇష్టం కలిగిన తరువాత కూడా ఆ ఈర్ష్య పోలేదు.

మా ఊరు రాచర్ల వైపు, అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఊరి మొగదలలో మా ఇల్లు. ఊరికి ఎడంగా ఉన్న కూలీల పాలెం మనుషులు ఊళ్ళోకి రావాలన్నా, బస్సు రోడ్డుకు పోవాలన్నా మా వాకిలి దాటుకునే పోవాలి. పాలెంలో పెంకుల చర్చి ఒకటి ఉండేది. పత్తి తీతలకూ కంది కోతలకూ మా చేలల్లోకే వచ్చే మనుషులు, డిసెంబరు వచ్చేసరికి కూలి దిగి, కాళ్ళు కడుక్కుని, సంగటి కూడా తినకుండా ఆ చర్చిలో చేరి పాటలు నేర్చుకునేవారు. పండుగ ముందు వారమంతా ప్రతి సాయంత్రం పాటల గుంపుగా బయలుదేరి ఊరి మీదికి వచ్చేవారు. ఏ ఇంటి ముందు కాగితపు నక్షత్రం ఉంటే, అంత స్తోమత లేకపోతే ఒక లాంతరు వేలాడుతుంటే, ఆ ఇంట్లోవాళ్ళు పాట కోరుతున్నారని గుర్తు. అక్కడ నిలబడి పాడేవారు. గుర్తు లేని ఇళ్ళ ముందు నిలబడేవారు కాదు గాని, నడుస్తూ పాడుకుంటూనే పోయేవారు.

ఒక్క మా వాకిలి ముందు మాత్రం పాట మానేసేవారు. మా ప్రహరీ మొదలయ్యే చోట కంజిర చంకలోకి పోయేది, చెప్పులున్నవాళ్ళ చెప్పులు చేతుల్లోకి వచ్చేవి, ప్రహరీ చివర వేపచెట్టు దాటాక మళ్ళీ పాట అందుకునేవారు. ఈ నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. మా తాతకూ తెలిసి ఉండదు. అడగకుండానే దక్కిన మర్యాద కాబట్టి అది మరీ గొప్పదని మా నాయన అనుకునేవాడు, ఆయనను చూసి నేనూ అనుకునేవాడిని. ఊరంతటికీ వినబడే పాట మా ముందర నోరు మూసుకుని పోతుంటే, అరుగు మీద నా వెన్ను దానంతటదే నిటారుగా అయ్యేది.

నేను గిద్దలూరులో హైస్కూలు చదువుతున్న రోజుల్లో, వానాకాలం జ్వరాల్లో మా చెల్లెలు పోయింది. మాటలు అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్న పిల్ల. ఆ తరువాత మా అమ్మ పడసాలలోని ఉయ్యాల బల్ల మీద కూర్చుండిపోయింది. ఆ బల్ల మా ముత్తాత చేయించినది, టేకుది, నాలుగు మూలలా ఇత్తడి గొలుసులు. అమ్మ పెళ్ళై వచ్చిన నాటినుంచీ పనుల మధ్య తీరిక చిక్కితే దాని మీదే ఉండేది, మమ్మల్నందరినీ దాని మీదే జోకొట్టింది. గొలుసుల కిర్రుమనే చప్పుడును బట్టి అమ్మ మనసు ఎట్లా ఉందో ఇంట్లో అందరికీ తెలిసేది. ఆ చప్పుడు ఆగిపోయింది. అమ్మ మాటా ఆగిపోయింది. ఏడ్చినా బాగుండేది, ఏడవలేదు. అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తినేది. మా అవ్వ, అంటే నాయన తల్లి, కంభం దర్గా నుంచి తాయెత్తు తెప్పించింది, వేపమండలతో దిష్టి తీయించింది. గిద్దలూరు డాక్టరు ఎర్రటి టానిక్కు ఇచ్చాడు. సీసాలు పెరిగాయి గాని ఉయ్యాల కదలలేదు.

అమ్మను మళ్ళీ మాట్లాడించేది నేనే అవ్వాలని నాకు పట్టుదల పుట్టింది. బడిలో మెచ్చుకున్న పద్యాలన్నీ ఆమె ముందు నిలబడి చదివాను. గ్రామఫోను పెట్టె దింపి, దుమ్ము తుడిచి, తాతకు ఇష్టమైన రికార్డులన్నీ ఒకదాని తరువాత ఒకటి వేశాను. తాత బతికి ఉన్నప్పుడు ఆ పెట్టె పాడితే వినడానికి కంభం నుంచి సాయిబులు బండి కట్టుకుని వచ్చేవారు. అమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది.

అటువంటిది, డిసెంబరులో ఒక సాయంత్రం బడినుంచి వచ్చి సైకిలు ఆనిస్తుంటే పడసాలలో గొలుసు కిర్రుమంది. పరిగెత్తుకుని లోపలికి వెళ్ళాను. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది, కాలి బొటనవేలు నేలను కొద్దికొద్దిగా తడుతోంది, బల్ల జానెడు ముందుకు, జానెడు వెనక్కు ఊగుతోంది. ఏం జరిగిందో మొదట అర్థం కాలేదు. తరువాత వినబడింది. పాలెం చర్చిలో పాట.

దాన్ని నడిపించే గొంతు ఎవరిదో ఊరందరికీ తెలుసు. మా పత్తిచేలకు కూలికి వచ్చే ఒకామె, పేరు పెట్టి ఎవరూ పిలవరు, ఊరంతటికీ ఆమె పాటల అక్క. చేలో ఉన్నా చెరువుగట్టున ఉన్నా ఏదో ఒకటి పాడుతూనే ఉండేది, మేస్త్రి కసిరితే ఆ కసురును కూడా రాగంలో పెట్టి తిరిగి వినిపించేది. ఆమె కొడుకు నా తరగతిలోనే చదివేవాడు. నాకు రెండు జతల బూట్లు ఉన్నాయి, వాడికి చెప్పులు లేవు. అయినా ఆ డిసెంబరులో నేను వాడిని చూసి కుళ్ళిపోయాను. సాయంత్రం వాడు ఇంటికి పోతే పాడే తల్లి ఉంటుంది. నాకున్న తల్లి, వాడి తల్లి పాడితే తప్ప కదలదు. వాడు బడిలో ఏమీ ఎరగనట్టు కూనిరాగం తీస్తుంటే, ఆ రాగం మా ఇంటి నుంచి దొంగిలించుకుపోయినట్టు మండిపోయేది నాకు. మా నాయన మునసబు, మా ఇంట్లో గ్రామఫోను ఉంది, మాకు లేని ఓదార్పు తాటాకు గుడిసెల్లో అంత విరివిగా ఎట్లా దొరుకుతోందని.

పండుగ వారం వచ్చింది. మొదటి సాయంత్రం పొద్దుగూకే వేళకు గుంపు బయలుదేరింది. పాట దగ్గరవుతున్నకొద్దీ ఉయ్యాల ఊపు పెరిగింది. అమ్మ తల గొలుసుకు ఆనించి ఉంది, పెదవులు కదులుతున్నాయి. నేను గుమ్మంలో నిలబడి ఆ పెదవులనే చూస్తున్నాను. అంతలో మా ప్రహరీ వచ్చింది, పాట తెగిపోయింది. అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. బల్ల ఊపు మధ్యలోనే అమ్మ కాలు నేలకు పెట్టి ఆపేసింది. వేపచెట్టు దాటాక పాట మళ్ళీ లేచింది గాని, అది అప్పటికే ఇంకెవరి ఇంటికో పోతున్న పాట.

ఎందుకు ఆపినారు, అంది అమ్మ. ఎవరిని అడిగిందో తెలియదు. వానాకాలం నుంచి మేము విన్న మొదటి మాట అది.

మా అవ్వ తమలపాకుకు సున్నం రాస్తూనే, "మన వాకిలి ముందర ఆపకుండా పాడతారా? అది మనకు మర్యాద" అంది.

"మర్యాద ఎవరికత్తా? నాకైతే పాట కావాల" అంది అమ్మ. అవ్వ చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది.

మరునాడు సాయంత్రం అమ్మ లేచి, ముఖం కడుక్కుని, లాంతరు చిమ్నీ ముగ్గుపొడితో తుడిచి, వెలిగించి, తన చేతులతో తీసుకెళ్ళి వీధి వాకిలి కొక్కేనికి తగిలించి వచ్చింది. నాయన అరుగు మీద పడక కుర్చీలో ఉన్నాడు. చూశాడు. తలపాగా ఒకసారి సర్దుకున్నాడు.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది, అది మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా జరగదు. తక్కిన ఇళ్ళ ముందు లాంతరు వేలాడితే పాటకు పిలుపు. మా వాకిట్లో లాంతరు వేలాడిందంటే మాత్రం మునసబు లోపల తగవు విచారిస్తున్నాడని అర్థం, తాతల నాటినుంచీ అదే వాడుక. గుంపు మా ప్రహరీ దగ్గరికి వచ్చింది, లాంతరు చూసింది, ఏదో పెద్ద పంచాయితీ నడుస్తోందని హడలిపోయింది. మామూలుగా చెప్పులే విప్పేవాళ్ళు, ఆ రోజు దగ్గు వచ్చినవాళ్ళు పైటకొంగు నోట్లో కుక్కుకున్నారు. చంకలోని పిల్లవాడు ఏదో అనబోతే తల్లి నోరు మూసింది. పాట కోసం కట్టిన లాంతరు ముందు నుంచి, ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా, మునివేళ్ళ మీద నడిచిపోతున్నారు.

మునసబు ఇంటి ఆడవాళ్ళు వీధికి వినబడేట్టు గొంతెత్తకూడదు. పిలిస్తే నాయన పిలవాలి. నాయన కుర్చీలో కదలలేదు. వేపచెట్టు దగ్గరపడుతోంది. ఆ రోజు కూడా ఆ పాట అట్లాగే పోయి ఉంటే మా అమ్మ మళ్ళీ నోరు విప్పేది కాదని నేను ఈనాటికీ నమ్ముతాను. ఆమె ఉయ్యాల దిగి, పడసాల దాటి, అరుగు మీద నాయన కుర్చీ పక్కనుంచే నడిచి, వాకిట్లో నిలబడి అరిచింది.

"అక్కా! ఆపొద్దక్కా! పాడండి!"

గుంపు రాళ్ళలా నిలబడిపోయింది. లోపలినుంచి అవ్వ, "ఎవరిని అక్కా అంటుండావే?" అని గుండెలు బాదుకుంది. పాటల అక్క లాంతరు వంక, నాయన వంక, అమ్మ వంక చూసి, "పాడమంటే పాడతాంగాని తల్లీ, మునసబయ్య వాకిట్లో కంజిర మోగిస్తే రేపు ఈ కంజిరనే సాక్షిగా నిలబెట్టి నన్ను విచారిస్తాడేమో" అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వి, నవ్వినందుకు భయపడి ఊరుకున్నారు.

అందరి కళ్ళూ నాయన మీదికి పోయాయి. ఆయన అమ్మ ముఖం చూశాడు. తరువాత వీధివైపు తిరిగి, తిడుతున్న గొంతుతోనే, "ఏంది అట్ల మానుల మాదిరి నిలబడినారు? మంచు పడతాంది. పాడేదుంటే పాడండి, లేదంటే బిడ్డలను ఇండ్లకు తోలుకపోండి" అన్నాడు. ఆయనకు చేతనైన పిలుపు అంతే. పాటల అక్కకు అది చాలింది.

కంజిర చంకలోంచి బయటికి వచ్చింది. పాటలో చోటు దొరకని ఊరు, పశువుల పాక, పాతగుడ్డల్లో చుట్టిన పసిబిడ్డ, ఆ బిడ్డను జోకొడుతున్న తల్లి. రాగం మాత్రం మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఉయ్యాల దగ్గర తీసే జోల రాగమే. అమ్మ వెనక్కి వచ్చి బల్ల మీద కూర్చుంది. బల్ల ఊగడం మొదలైంది. నాకేమో ఒళ్ళంతా మంట. ఇంత పని వాళ్ళు చేసిపోతుంటే చూస్తూ ఊరుకోలేక, గ్రామఫోనుకు కీ ఇచ్చి, తాత రికార్డుల్లో అన్నిటికంటే మంచిదాన్ని వేసి ముల్లు పెట్టాను. మా ఇంటికి పాట అరువు తేవలసిన గతి పట్టలేదని ఆ వీధికి తెలియాలి కదా. అమ్మ కళ్ళు తెరిచింది. చెల్లెలు పోయిన తరువాత మొదటిసారి నా ముఖంలోకి చూసింది. నన్ను చూసి ఆమె అన్న మొదటి మాట ఇది.

"ఆ పెట్టె ఆపు నాయనా. పాట వినపడల్యా."

ఆపాను. ఆ తరువాత అమ్మ ఏడ్చింది. వానాకాలం నుంచి గడ్డకట్టి ఉన్నదంతా, ఉయ్యాల ఆగకుండానే, చప్పుడు చేయకుండానే, పాట ఉన్నంతసేపూ కరిగిపోయింది. గుంపుకు అవ్వ గొణుక్కుంటూనే చేటలో బొరుగులూ బెల్లమూ పెట్టి పంపింది. ఆ పూట అమ్మ తన చేత్తో అన్నం కలుపుకుని తినింది, కారం చాలలేదని కూడా అంది. నాయన పళ్ళెం ముందు కూర్చుని రెండుసార్లు నెయ్యి వడ్డించమన్నాడు, తనకు కాదు.

ఆ మరుసటి ఏటినుంచి గుంపు మా వాకిట్లో నిలబడే పాడింది. నాయన ఆ పూటకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలపాగా చుట్టుకుని, పాట కోసం కాదు, చల్లగాలి కోసం కూర్చున్నట్టు అరుగు మీద కూర్చునేవాడు. అమ్మ మళ్ళీ మనిషైంది, పాలెం పాటలు ఒక్కొక్కటే ఆమె నోటికి వచ్చాయి, మజ్జిగ చిలికినా వడ్లు దంచినా అవే. అందుకు నేను సంతోషించాను. సంతోషిస్తూనే, నేను చదివిన పద్యాల్లో ఒక్క పాదమైనా ఆమె నోట వినబడుతుందేమోనని చెవి ఒగ్గి ఉండేవాడిని. ఎప్పుడూ వినబడలేదు.

తరువాతి రోజులు మీకు తెలిసినవే. మునసబు పదవులు పోయాయి, మాగాణి పోయింది, మెట్ట ముక్కలైంది. నేను మార్కాపురంలో పలకల కార్ఖానాలో లెక్కలు రాసే పనిలో చేరాను. డిసెంబరు వస్తే అక్కడా అదే తంతు. రాతి దుమ్ములో కనురెప్పలు కూడా తెల్లబడిన మనుషులు పలకలు చదును చేస్తూ పాడేవారు, ఆ లయకు చేతులు తేలికై పని ముందుకు సాగేది. ఒకామె నా బల్ల దగ్గరికి వచ్చి, "ఏంది సార్, ఎప్పుడూ అంత బిగదీసుకుని కూచుంటారు, మీ ఇంట్లో పాటల్లేవా?" అని అడిగింది. మా ఇంట్లో గ్రామఫోను ఉండేదని చెప్పాను. అట్లనా, అని జాలిగా చూసి పోయింది. జాలి పడవలసినది నేను కదా అని ఆ రోజంతా అనుకున్నాను.

ఇప్పుడు పాట ఎవరి వాకిలి ముందరా ఆగిపోదు. ఎవరి ప్రహరీ ముందరా ఎవరూ చెప్పులు చేత పట్టుకోరు. అది న్యాయమేనని నోటితో ఒప్పుకుంటాను, ఒప్పుకున్నప్పుడు వెన్ను మాత్రం కొంచెం నొప్పి పుడుతుంది. గుంపులు ఆటోల మీద స్పీకర్లు కట్టుకుని తిరుగుతున్నాయి. ఎవరికి పాట కావాలో ఊపిరి బిగబట్టి కనిపెట్టవలసిన పని లేదు, ఎవరికి కావాలంటే వారికి ఫోనులోనే ఉంది. ఒక తల్లి గొంతెత్తి పిలిస్తే తప్ప దొరకని పాట రుచి ఈ పిల్లలకు ఎట్లా చెప్పేది?

నిన్న పొద్దుగూకే వేళ మా మనవరాలు నన్ను అడగకుండా మా వాటా గ్రిల్లుకు కాగితపు నక్షత్రం కట్టింది. ఆటో ఆగింది. కింద నిలబడి పాడుతున్నారు, ఎదురింటి నర్సమ్మ కూడా దిగి వచ్చి వాళ్ళలో కలిసింది. నా భార్య కొంగు భుజాల నిండా కప్పుకుని పిట్టగోడ దగ్గరికి పోయింది. నేను కుర్చీలోనే ఉన్నాను, నిటారుగానే ఉన్నాను. పాత పాటేదో మొదలైంది, పసిబిడ్డ, పశువుల పాక. చాన్నాళ్ళుగా గుండె మీద కూర్చున్నదేదో మెల్లగా లేచి పక్కకు జరిగినట్టైంది. అది నిజం, మనవరాలి ఫోను చెప్పింది నిజమే. కింద పాడుతున్నవాళ్ళ మీద అదే పాత ఈర్ష్య కూడా దాని వెనకే వచ్చింది. వాళ్ళు నాకు ఇచ్చిపోతున్నారు, నాకు మాత్రం తిరిగి పాడటానికి ఏమీ లేదు. నాకు తెలియకుండానే కాలి బొటనవేలు నేలను తన్నింది, ఊగడానికి. ప్లాస్టిక్ కుర్చీ కదలలేదు.

అమ్మ పోయిన మరుసటి వేసవిలో ఆ ఉయ్యాల బల్లను, ఇత్తడి గొలుసులతో సహా, మార్కాపురంలో పాత సామాన్ల దుకాణానికి అమ్మేశాం.